మావయ్య డాల్ఫిన్: సావిడి నుంచి రోడ్డు దాకా

నవంబరు 9, 2024

ద్రాక్షారామం దగ్గర మావయ్య వాళ్ల ఊరు వెళ్లి బండిని చూసొచ్చాను. పశువుల సావిడి చివరి అంకణంలో, తవుడు బస్తాల వెనకాల, చిరిగిన టార్పాలిన్ కింద ఉంది. సిపానీ డాల్ఫిన్, ఫైబర్ బాడీ ఉన్న చిన్న కారు. 1984లో కొన్నాడు. 2002లో ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు.

టార్పాలిన్ లాగి చీపురుతో దులిపితే లేత పసుపు రంగు బయటపడింది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద జానెడు పగులు, దాని మీద ఎప్పుడో పూసిన పుట్టీ పెచ్చులు. బానెట్ మీద సాలెగూడులా సన్న గీతలు. డ్రైవరు వైపు తలుపు కింద అంచు విరిగిపోయింది. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. కానీ బాడీ మీద ఎక్కడా ఒక్క తుప్పు మరక లేదు. పక్కనే గోడకి ఆనించిన గడ్డి కోసే మిషను ఈ బండి కంటే చాలా తర్వాత కొన్నది. దాని ఫ్రేము చేత్తో నలిపితే పొడి రాలుతోంది.

రెండు గేదెలు బండికి బారెడు దూరంలో కట్టేసి ఉన్నాయి. ఆ గుంజలకి 22 ఏళ్లుగా ఏదో ఒక పశువు ఉంటూనే ఉంది. వంగి వెనక బంపరు నుంచి ముందు దాకా వేలితో తడుముతూ చూశాను. ఎక్కడా పంటి గాటు లేదు. ఎందుకు వెతికానో డాల్ఫిన్‌ని ఎరిగినవాళ్లకి తెలుస్తుంది. "ప్లాస్టిక్ బండండీ, ఆవు తినేస్తుంది" అన్న మాట మావయ్య ఈ జిల్లాలో వినని ఊరు లేదు. పెళ్లిళ్లకి వెళ్తే బండి విడిది ముందు పెట్టనిచ్చేవాళ్లు కాదు, వెనక సందులో పెట్టమనేవాళ్లు. వెనక అద్దం మీద దుమ్ములో ఎవరో "పచ్చిగడ్డి" అని రాస్తే నేనే తుడిచాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

"తీసుకుపోరా, ఎలాగూ ఊరికే పడి ఉంది" అన్నాడు మావయ్య. "కానీ అది హీటెక్కే బండి. మొదట్నుంచీ అంతే. దాని మీద డబ్బులు పొయ్యకు."

నవంబరు 17

క్రేను అక్కర్లేకపోయింది. టైర్లు మార్చి, నలుగురం తోస్తే మినీ లారీ ఎక్కింది. కాకినాడ వచ్చే దారిలో వేబ్రిడ్జి దగ్గర ఆపి ఖాళీ లారీ, బండితో లారీ రెండూ తూయించాను. తేడా 540 కిలోలు. స్టెపినీ, లోపల సీట్లు అన్నీ కలిపే. మారుతి 800 కన్నా తేలిక.

ఈ తరం వాళ్లకి డాల్ఫిన్ ఏమిటో చెప్పాలి కాబట్టి ఇక్కడే రాసి పెడతాను. ఇంగ్లండులో టామ్‌వర్త్ అనే ఊళ్లో రిలయంట్ అనే కంపెనీ ఉండేది. మూడు చక్రాల రాబిన్ వాళ్లదే. వాళ్లే 1975లో నాలుగు చక్రాలతో కిట్టెన్ అనే చిన్న కారు తెచ్చారు. ఉక్కు చట్రం మీద ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు ఇంజిన్, వెనక చక్రాలకి డ్రైవ్, 848 సీసీ, నాలుగు సిలిండర్లు, 40 హార్స్‌పవర్. దాన్నే బెంగళూరులో సిపానీ వాళ్లు 1982 నుంచి డాల్ఫిన్ పేరుతో చేశారు. అంతకుముందు బాదల్ అనే మూడు చక్రాల బండి చేసింది కూడా వాళ్లే.

అప్పట్లో మన దేశంలో కొనుక్కోవడానికి ఉన్నవెన్ని? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. రెండూ 1950లు, 60ల నాటి డిజైన్లు, రెండూ బరువైనవి. వాటి మధ్య డాల్ఫిన్ నిజంగా కొత్త ఆలోచన. దాని బతుకు సాఫీగా సాగడానికి దొరికింది ఏడాది, ఏడాదిన్నర. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. నాలుగు తలుపులు, ఉక్కు బాడీ, వెనకాల ప్రభుత్వం, జపాన్ కంపెనీ, ఊరూరా సర్వీసు. డాల్ఫిన్‌కి రెండే తలుపులు, వెనకాల బెంగళూరులో ఒక చిన్న ఫ్యాక్టరీ. మారుతి చేతిలో ఓడిపోవడం ఒక విషయం, చెడ్డ బండి కావడం ఇంకో విషయం. మనవాళ్లు ఈ రెండింటినీ ఒకటే చేసేశారు. నాకున్న బాధ అదే.

నవంబరు 24

వాన. పని జరగలేదు. ఆవు మాట ఎక్కడ పుట్టిందో చదువుతూ కూర్చున్నాను.

మన దగ్గర పుట్టింది కాదు. రిలయంట్ వాళ్ల సాయంతోనే టర్కీలో 1966లో అనడోల్ అనే ఫైబర్‌గ్లాస్ కారు తయారీ మొదలైంది. అక్కడ జనం "ఎద్దులు తినేస్తాయి" అన్నారు. ఇజ్రాయెల్‌లో హైఫాలో సుసీత అనే ఫైబర్ కారు చేశారు. అక్కడ ఎద్దు బదులు ఒంటె. అంటే ఏ దేశంలో ఏ జంతువు రోడ్డు మీద తిరుగుతుందో ఆ జంతువుని మాటలో పెట్టేశారు. ఇది కారుని చూసి పుట్టిన మాట కాదు, ఉక్కు కానిదేదైనా నమ్మలేని మనసులోంచి పుట్టిన మాట. అదే ఫైబర్‌గ్లాస్‌తో అమెరికాలో 1953 నుంచీ కొర్వెట్ చేస్తున్నారు. దాన్ని ఆవు తింటుందని ఎవరూ అనలేదు. ఖరీదైన బండిలో గొప్పతనం అనిపించిన గుణమే చవక బండిలో లోపమైపోయింది.

డిసెంబరు 1

ఇంజిన్ మేస్త్రీ గారి షెడ్డుకి బండి చేరింది. ఆయనకి 66 ఏళ్లు. కుర్రతనంలో రెండు డాల్ఫిన్లకి పని చేశారట. బానెట్ ఎత్తి చూసి, "బాబూ, ఈ ఇంజిన్‌ని ఇనుప ఇంజిన్ అనుకుని ముట్టుకున్నావో పాడుచేస్తావు" అన్నారు.

నిజమే. ఇది మొత్తం అల్యూమినియం. సిలిండర్లుండే బ్లాకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ. 1962లో రిలయంట్ వాళ్ల రీగల్ అనే మూడు చక్రాల బండి కోసం 598 సీసీతో మొదలుపెట్టి పెంచుకుంటూ 848 దాకా తెచ్చారు. బ్రిటన్‌లో పెద్దఎత్తున తయారైన మొదటి అల్యూమినియం కారు ఇంజిన్ ఇదే. ఇంగ్లండులో 750 ఫార్ములా అనే రేసుల్లో కుర్రాళ్లు దశాబ్దాలపాటు ఈ ఇంజిన్‌నే వాడారు. మన దగ్గర కూడా చెన్నై దగ్గర షోలవరం రేసు ట్రాక్ మీదా ర్యాలీల్లోనూ డాల్ఫిన్లు పరిగెత్తాయి. బరువు తక్కువ కాబట్టి రేసు కుర్రాళ్లకి ఇష్టం. మా జిల్లాలో మాత్రం ఇది హీటెక్కే బండి అన్న పేరే నిలిచింది.

ఇంజిన్ తిరగడం లేదు. హెడ్డు తీయాలి.

డిసెంబరు 3 నుంచి 13 వరకు

పదకొండు రోజులు హెడ్డు ఒక్కదాని మీదే పోయాయి. నట్లన్నీ ఊడొచ్చాయి, హెడ్డు మాత్రం రాలేదు. హెడ్డుని బ్లాకుకి పట్టి ఉంచే ఉక్కు చువ్వలు, అంటే స్టడ్లు, అల్యూమినియం హెడ్డులోంచి పైకి వస్తాయి. రెండు వేరువేరు లోహాలు, మధ్యలో తేమ, 22 ఏళ్లు. స్టడ్డు చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి సిమెంటులా పట్టేసింది.

స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి నూలుతాడు దూర్చి ఇంజిన్ తిప్పితే పిస్టనే హెడ్డుని పైకి తోస్తుంది కదా అన్నాను. మేస్త్రీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు బ్లాకులో భాగం కాదు. విడి ఇనుప లైనర్లు, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. హెడ్డు వదులుగా ఉన్నప్పుడు పిస్టన్ కదిపితే లైనరు కూడా దాంతోపాటు లేస్తుంది. అడుగున సీలు దెబ్బతిని నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. డాల్ఫిన్ ఇంజిన్లు చాలావరకు ఇలాగే పోయాయని ఆయన నమ్మకం. ఇనుప ఇంజిన్లు తెలిసిన చేతులు, అదే పద్ధతిలో దీన్నీ విప్పేశాయి. పేరు మాత్రం బండికి పోయింది.

కాబట్టి ఓపిక. రోజూ పొద్దున్నా సాయంత్రం డీజిలూ గేరాయిలూ కలిపి స్టడ్ల చుట్టూ పోశాం. చెక్క సుత్తితో నాలుగు మూలలా మెల్లగా తట్టాం. తొమ్మిదో రోజు నుంచి మరిగే నీళ్లు మొదలుపెట్టాం. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హెడ్డులో రంధ్రం స్టడ్డు కన్నా ఎక్కువ పెరుగుతుంది, పట్టు సడలుతుంది. రెండు కాగుల నీళ్లు పోయడం, తట్టడం, ఆరనివ్వడం. 13న మధ్యాహ్నం వెనక మూల వెంట్రుకవాసి లేచింది. సాయంత్రానికి హెడ్డు చేతిలోకి వచ్చింది. ఎక్కడా పగుళ్లు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

డిసెంబరు 15

ఇవాళ చూసింది రాయడం కష్టంగా ఉంది.

బ్లాకులో నీళ్లు తిరిగే దారుల్లో తడి సున్నం లాంటి తెల్లటి ముద్ద. చెంచాతో తీస్తే పావుకిలో పైన వచ్చింది. నీళ్ల పంపుకి దగ్గరున్న ఒకటో సిలిండరు చుట్టూ కొంచెం ఖాళీ ఉంది. చివరి నాలుగో సిలిండరు చుట్టూ దారి పూర్తిగా పూడిపోయింది. బండి హీటెక్కకుండా ఎలా ఉంటుంది?

ఆ తెల్లటిది అల్యూమినియం తుప్పు. అల్యూమినియం బ్లాకు, రాగి, ఇత్తడి రేడియేటరు, ఇనుప లైనర్లు. వీటి మధ్య ఉప్పునీళ్లు పోస్తే అది ఒక బ్యాటరీలా పనిచేస్తుంది, అల్యూమినియం కరుగుతూ పోతుంది. అది జరగకుండా ఆపే మందు రేడియేటరులో పోసే కూలంట్‌లో ఉంటుంది. ఈ ఇంజిన్‌కి కూలంట్ అవసరం కాదు, ప్రాణం. ఆ రోజుల్లో పల్లెటూళ్లో కూలంట్ అన్న మాటే లేదు. అందరూ నీళ్లే పోసేవాళ్లు. ఇనుప ఇంజిన్లు తట్టుకున్నాయి.

మావయ్య ఎప్పుడూ డిక్కీలో రెండు డబ్బాల నీళ్లు పెట్టుకునేవాడు. చేతిపంపు నీళ్లు. మా వైపు బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పు తగులుతుంది. కాలవ గట్టు మీద బండి పొగలు కక్కి ఆగినప్పుడల్లా పక్కన కనిపించిన పంపు కొట్టి డబ్బా నింపి తెచ్చింది నేనే. వేసవి సెలవుల్లో ఎన్ని డబ్బాలు మోశానో.

మావయ్యకి ఫోన్ చేయలేదు.

జనవరి 5, 2025

బాడీ చట్రం మీంచి లేపాం. బోల్టులు కోసేశాక ఆరుగురం చేతులతో ఎత్తి పక్కన టైర్ల మీద పెట్టాం.

ఇంత పొగిడాక దీని అసలు బలహీనత కూడా రాయాలి. బాడీకి తుప్పు లేదు కానీ చట్రానికి ఉంది. వెనక స్ప్రింగు పట్టీలు తగిలించే చోట రేకు కాగితంలా పలచబడింది. పై బాడీ కొత్తగా మెరుస్తుంటే కింద ఇలా ఉందని ఎవరూ చూడరు. డాల్ఫిన్ కొనాలనుకునేవాళ్లు ముందు పడుకుని కింద చూడండి, ఆ తర్వాతే రంగు చూడండి. మూడు మిల్లీమీటర్ల ప్లేటు కోసి నాలుగు చోట్ల వెల్డింగ్ చేయించాం. చట్రం మొత్తం ఇసుక కొట్టించి, జింక్ ప్రైమరు, దాని మీద నల్ల ఎపాక్సీ.

జనవరి 19

పండగ అయ్యింది. బాడీని జగన్నాథపురం వంతెన అవతల ఫైబర్ పడవలు చేసే షెడ్డుకి తీసుకెళ్లాం.

ఈ ఆలోచన నాకు చాలా రోజుల నుంచీ ఉంది. కార్ల బాడీ షాపులో ఫైబర్ పగులు చూపిస్తే పుట్టీ రాసి రంగు కొడతారు. ఆరు నెలల్లో అదే గీత మళ్లీ పైకి వస్తుంది. మన తీరంలో ఫైబర్ తెలిసినవాళ్లు కార్ల షాపుల్లో లేరు, సముద్రం ఒడ్డున ఉన్నారు. రోజూ అలలు కొట్టే పడవని నిలబెట్టే చేతులకి మడ్‌గార్డు ఒక లెక్కా?

పడవల మేస్త్రీ బాడీ చుట్టూ ఒకసారి తిరిగి, చెవి దగ్గరగా పెట్టి నాణెంతో అంగుళం అంగుళం తట్టాడు. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, పొరలు విడిన చోట డబ్‌మంటుంది. సుద్దతో ఏడు చోట్ల గీతలు గీశాడు. "ఆయ్, మంచి సరుకండి. మ్యాట్ దిట్టంగా వేశారు. ఇప్పటి పడవల్లో కూడా కొంతమంది ఇంత వెయ్యట్లేదండి" అన్నాడు. నలభై ఏళ్లలో ఈ బాడీని ఒక పనిమంతుడు మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

పగులుని బయటినుంచి కాదు, లోపలినుంచి బాగుచెయ్యాలి. మడ్‌గార్డు లోపలివైపు పగులుకి రెండు పక్కలా బెత్తెడు మేర గ్రైండరుతో ఏటవాలుగా అరగదీశాడు. పాత పుట్టీ అంతా తీసేశాడు. అసిటోన్‌తో తుడిచి, గాజుపీచు మ్యాట్ ముక్కల్ని చిన్నది, దాని మీద పెద్దది, దాని మీద ఇంకా పెద్దది, ఇలా నాలుగు పొరలు రెజిన్‌తో తడిపి వేశాడు. ఇనుప రోలరుతో గాలి బుడగలు నొక్కేశాడు. బుడగ మిగిలితే అక్కడే మళ్లీ పగులుతుంది. బయటి గీతని వి ఆకారంలో చెక్కి జెల్ కోట్‌తో నింపాడు.

రెజిన్ కలిపేటప్పుడు ఆయన చేసినది ఎవరైనా ఇంట్లో ప్రయత్నించేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ముందు యాక్సిలరేటరు రెజిన్‌లో వేసి బాగా కలిపాడు. ఆ తర్వాతే హార్డెనరు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. రెండు సీసాలూ షెడ్డులో రెండు చివర్ల పెట్టుకున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ హార్డెనరు తగ్గిస్తాడు, లేకపోతే డబ్బాలోనే గడ్డకడుతుంది. తేమగా ఉన్న రోజు పనే మొదలుపెట్టడు. అందుకే నవంబరు వానల్లో తేకపోవడం మంచిదైంది.

బానెట్ మీద సాలెగూడు గీతలకి కారణం కూడా ఆయనే చూపించాడు. సరిగ్గా ఆ గీతల నడిమధ్య కింద ఒక బోల్టు. వాషరు లేకుండా ఎవరో బలమంతా పెట్టి బిగించారు. ఉక్కు రేకైతే సొట్టపడి ఊరుకుంటుంది, ఫైబర్ పగులుతుంది. బిగించేటప్పుడు కింద రబ్బరు, పైన రూపాయి బిళ్ల కన్నా వెడల్పు వాషరు, చేతి బిగువు మీద ఇంకో పావు చుట్టు, అంతే. "బోల్టు బాడీని పట్టుకోవాలండి, కొరక్కూడదు" అన్నాడు.

ఫిబ్రవరి 2

బాడీ తిరిగొచ్చింది. అదే లేత పసుపు. బ్రేకులు కూడా అయ్యాయి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వీల్ సిలిండర్ల రబ్బర్లు విజయవాడ ఆటోనగర్‌లో కొలతలు పట్టుకుని తిరిగితే రెండో రోజుకి దొరికాయి. హెడ్ గాస్కెట్, లైనరు సీళ్లు ఇంగ్లండులో రిలయంట్ సామాను అమ్మేవాళ్ల దగ్గర నుంచి తెప్పించాను. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకం వేశాను. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని మెత్తబరుస్తుంది.

ఫిబ్రవరి 16

వైరింగు. డాల్ఫిన్ మీద ఇంకో నింద: "కరెంటు పనిచెయ్యదు. హెడ్‌లైట్లు దీపం బుడ్లు." మా బండిలో ఎప్పుడూ ఎడమ లైటు మసగ్గా వెలిగేది. హారన్ కొడితే ఇంకా తగ్గేది.

ఇవాళ ఎలక్ట్రీషియన్ కుర్రాడు టెస్ట్ ల్యాంపు ఒక చివర బ్యాటరీకి, ఇంకో చివర బాడీకి తగిలించి, "అన్నా, ఎర్త్ దొరకట్లేదు" అన్నాడు. దొరకదు, అది ఫైబర్! ఉక్కు బండిలో బాడీయే తిరుగు వైరు. లైటుకి ఒక వైరు లాగి, రెండో కొస బాడీకి స్క్రూతో బిగిస్తే సరిపోతుంది. ఫైబర్ బాడీలోంచి కరెంటు పోదు. ప్రతి లైటుకీ, ప్రతి మోటారుకీ చట్రం దాకా వెళ్లే విడి ఎర్త్ వైరు ఉండాలి. ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చారు. తర్వాత పని చేసినవాళ్లు ఆ వైరు అనవసరం అనుకుని కొన్ని కత్తిరించారు, కొన్ని తుప్పుపట్టిన చట్రం మీదే వదిలేశారు. మా బండిలో మూడు ఎర్త్ వైర్లు గాలిలో వేలాడుతున్నాయి.

మొత్తం 14 ఎర్త్ వైర్లు కొత్తవి లాగాం. అన్నీ డాష్‌బోర్డు కింద ఒక ఇత్తడి పట్టీ మీదికి తెచ్చి, అక్కణ్నుంచి లావుపాటి కేబులుతో చట్రానికీ బ్యాటరీకీ కలిపాం. సాయంత్రం చీకటి పడ్డాక లైటు స్విచ్చి వేశాను. ఎదురు గోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు సమానంగా పడ్డాయి. ఈ బండి లైట్లు ఇంత వెలుగునివ్వగలవని నేను చిన్నప్పుడెప్పుడూ చూడలేదు. మావయ్య కూడా చూసి ఉండడు.

మార్చి 2

ఇంజిన్ స్టార్టయ్యింది. కాసేపు తెల్ల పొగ, తర్వాత తేట. మొదటి పది నిమిషాలు నా కళ్లు ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉన్నాయి. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. సగానికి కొంచెం కింద వచ్చి ఆగింది. 40 నిమిషాలు నిలబెట్టి నడిపాం. కదల్లేదు. కంప్రెషన్, అంటే సిలిండరు లోపలి ఒత్తిడి, నాలుగింటిలోనూ 150 పీఎస్ఐకి అటూఇటూ. రేడియేటరులో డిస్టిల్డ్ వాటరూ కూలంటూ సగం సగం.

మేస్త్రీ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, ఏమీ అనకుండా టీ చెప్పారు.

మార్చి 23

స్కూలు గ్రౌండులో సుద్దపొడి వేసుకుని, స్టీరింగు పూర్తిగా తిప్పి ఒక రౌండు కొట్టి టేపుతో కొలిచాను. బయటి చక్రం గీసిన వలయం అడ్డంగా ఏడు మీటర్ల పైచిలుకు. ముందు చక్రాలకి డ్రైవ్ షాఫ్టులు అడ్డం లేవు కాబట్టి అవి అంతగా తిరుగుతాయి. కాకినాడ మెయిన్ రోడ్డు సందుల్లో ఇది ఎంత సుఖమో నడిపితేనే తెలుస్తుంది. ట్యాంకు నింపి, మళ్లీ నింపి లెక్కేస్తే లీటరుకి 17.6 కిలోమీటర్లు.

జనం అన్నవాటిలో నిజాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ వేడి కాళ్ల దగ్గర తగులుతుంది. 70 దాటితే లోపల మాట వినపడదు. బ్రేకు నేటి బండ్లలా కరవదు, ముందునుంచే చూసుకుని తొక్కాలి. వెనక సీటుకి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. పెద్దవాళ్లకి అది కష్టం, చీర కట్టుకున్నవాళ్లకి ఇంకా కష్టం. అత్తయ్య ఈ బండిని ఎందుకు ఇష్టపడలేదో నాకు ఇప్పుడు అర్థమైంది. గట్టి దెబ్బ తగిలితే ఫైబర్ సొట్టపడదు, విరుగుతుంది. అయితే మన దేశంలో కార్లకి క్రాష్ టెస్టు నిబంధన అమల్లోకి వచ్చిందే 2017లో. 1984లో రోడ్డు మీదున్న ఏ బండీ ఆ పరీక్ష రాయలేదు.

ఏప్రిల్ 13

ఆర్‌సీ మావయ్య పేరు మీదే ఐదేళ్లకి రెన్యువల్ అయ్యింది. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం దానికి 50 ఏళ్లు నిండాలి. డాల్ఫిన్‌కి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఫిట్‌నెస్ చూసిన ఆయన బానెట్ మీద వేలితో తట్టి నా వైపు చూశారు. ఆ మాట వస్తుందనుకున్నాను. "మా నాన్నగారు ఇది కొందామనుకున్నారండీ, ఇంట్లో ఒప్పుకోలేదు" అన్నారు.

ఏప్రిల్ 27

పొద్దున్నే 6 గంటలకి బయల్దేరాను. కరప, వేలంగి మీదుగా కాలవ గట్టు పట్టుకుని ద్రాక్షారామం వైపు. దాదాపు 30 కిలోమీటర్లు. దారిలో మూడు చేతిపంపులు కనిపించాయి, మూడూ నాకు గుర్తున్నవే. ముల్లు సగం దాటలేదు.

మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. 79 ఏళ్లు. లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. మడ్‌గార్డు మీద పగులున్న చోట అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. గీత దొరకలేదు. తర్వాత బానెట్ ఎత్తమన్నాడు. ఇంజిన్ చల్లారాక రేడియేటరు మూత తానే తీశాడు, అలవాటు కొద్దీ. లోపల ఆకుపచ్చగా ఉంది.

"ఇవేం నీళ్లురా?"

చెప్పాను. కూలంట్ ఏమిటో, బోరు నీళ్లు అల్యూమినియాన్ని ఏం చేస్తాయో, బ్లాకులోంచి ఏం తీశామో, అన్నీ. డబ్బాలు నింపింది నేనే అని కూడా. ఆయన విని చాలాసేపు ఏమీ అనలేదు. గేదెల దగ్గరున్న పాలేరు కూడా పని ఆపి మా వైపే చూస్తున్నాడు.

"అంటే దీని తప్పు కాదన్నమాట" అన్నాడు చివరికి.

"కాదు మావయ్యా. నీ తప్పు కూడా కాదు. నీకు అమ్మినవాళ్లు చెప్పలేదు, బాగుచేసినవాళ్లకి తెలీదు."

మూత తానే బిగించాడు. రెండుసార్లు తిప్పి చూశాడు. బానెట్ వేసి చెయ్యి చాపాడు. తాళం ఇచ్చాను. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఇంటి వెనక కళ్లంలోకి తీసుకెళ్లి, గడ్డిమేటుకీ చింతచెట్టుకీ మధ్య స్టీరింగు పూర్తిగా తిప్పాడు. రివర్సు వెయ్యకుండా ఒక్క వాటంలో చుట్టు తిరిగింది. గడ్డిమేటు దగ్గరికి వచ్చాక ఆపలేదు, రెండో చుట్టు మొదలుపెట్టాడు.